మూడు గుక్కల మనిషి

నాకు నవ్వు జబ్బు ఉంది. సంతోషం వేస్తే అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను, దానితో పేచీ లేదు. భయం వేసినా నవ్వొస్తుంది, అదీ నా చిక్కు. కళ్ళజోళ్ళ దుకాణంలో కొత్తగా చేరినప్పుడు యజమాని నన్ను పిలిచి, షోకేసు అద్దం పగలగొట్టింది నువ్వేనా అని గద్దించాడు. కాదని చెప్పాల్సింది పోయి పకపకా నవ్వాను. నిజంగానే నేను పగలగొట్టలేదు. కానీ నవ్వే మనిషి మాట ఎవరు నమ్ముతారు? అలాంటిదాన్ని తీసుకెళ్ళి బీరు పోటీలో గ్లాసులు అందించే పనికి పెట్టారు. ఆ పనికి ముఖ్యమైన నియమం ఏమిటంటే, అందించే మనిషి ముఖంలో ఏ భావమూ కనపడకూడదు.

నన్ను పెట్టింది మా ఆయనే. ఆయనది నీళ్ళ సరఫరా కేంద్రంలో ఉద్యోగం. కుళాయిల్లోకి వదిలే నీళ్ళని యంత్రాలన్నీ పరీక్షించి సరేనన్నాక కూడా, ఆయన ఓ గుక్క నోట్లో తిప్పి తల ఊపితేగానీ వదలరు. ఆ నాలుకని సెలవు రోజుల్లో బీరుకి అప్పగిస్తాడు. చిన్న చిన్న తయారీదార్లు సొంతంగా కాచే బీర్లకి ఏటా ఓ పోటీ జరుగుతుంది. అందులో ఈయన ఎన్నో ఏళ్ళుగా న్యాయనిర్ణేత. పద్ధతి ఎప్పుడూ ఒకటే: ముందు వాసన, తర్వాత మూడు గుక్కలు, మిగిలింది బకెట్లోకి. నాలుగో గుక్కతో నాలుక మొద్దుబారుతుందని ఆయన సిద్ధాంతం. పోటీలో అంటే సరే, విందుల్లోనూ అంతే, స్నేహితుల ఇళ్ళలోనూ అంతే. కాఫీ కూడా సగం వదిలేస్తాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి రోజూ ఒకటిన్నర కప్పు తాగుతున్న మనిషిని నేను.

ఇక మా తమ్ముడు. వాడు లిఫ్టు మెకానిక్. ఎక్కడో ఓ అంబర్ బీరు తాగి దాని మాయలో పడ్డాడు. అంబర్ అంటే మరీ పసుపూ కాదు, మరీ నలుపూ కాదు, పలచటి బెల్లం పాకం రంగు. బార్లీని దోరగా వేయిస్తే ఆ రంగు వస్తుంది, దాంతోపాటు రొట్టె పైపెచ్చు వాసన, ఒక రకం తీపి, చివర్లో చిన్న చేదు. వాడు ఉద్యోగం వదిలేసి మా కారు షెడ్డులో పొయ్యి పెట్టాడు. కారు వీధిన పడింది. మా ఆయన కిక్కురుమనలేదు, పైగా షెడ్డుకి కొత్త బల్బు కూడా పెట్టించాడు.

వాడి చేతిలో పని ఉంది, ఓపికే లేదు. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిందంటే మెకానిక్‌కి తలవంపులు కదా, ఆ బుద్ధి బీరు దగ్గర కూడా పోలేదు. పులిసిన బీరు చివర్లో కొన్నాళ్ళు వెచ్చగా ఊరికే కూర్చోవాలట. పులిసేటప్పుడు పుట్టిన వెన్న వాసన అప్పుడే దానంతట అదే పోతుందట. వీడు కూర్చోనిస్తేనా! బుడగలు ఆగినట్టు కనపడగానే సీసాల్లోకి పట్టేసేవాడు. మూతలు మాత్రం ఒకటికి రెండుసార్లు బిగించేవాడు. లిఫ్టుల్లో ఏదైనా ఊడితే ప్రాణాలు పోతాయి కాబట్టి బీరు మూతని కూడా అదే భయంతో నొక్కేవాడు. వాడి సీసా మూత మీద అందుకే ఎప్పుడూ ఒకదాని పక్కన ఒకటి రెండు గుండ్రటి నొక్కులు ఉంటాయి. నేను దాన్ని చూసి చాలాసార్లు ఆటపట్టించాను.

ఓ ఆదివారం షెడ్డులో బావగారి చేతికి గ్లాసిచ్చి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఈయన వాసన చూశాడు, మూడు గుక్కలు తాగాడు, మిగిలింది తొట్టెలో పోశాడు.

"ఎలా ఉంది బావా?"

"వెన్న రాసిన లిఫ్టు తలుపు నాకినట్టుంది."

నేను నవ్వాను. వాళ్ళిద్దరి ముఖాలూ చూసి భయమేసి నవ్వాను. అక్క నవ్వు ఎలాంటిదో వాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా ఆ పూట నేను కూడా వాడికి పరాయిదాన్నే అయిపోయాను.

"తాగితే కదా నీకు తెలిసేది!" అని అరిచాడు. "మూడు చుక్కలు నాకి పారబోస్తే ఏం తెలుస్తుంది? చూడు బావా, ఎప్పటికైనా నా బీరు నీ చేత గ్లాసు అడుగుదాకా తాగిస్తా. తాగించలేకపోతే మళ్ళీ లిఫ్టుల్లోకే పోతా, ఇక పొయ్యి ముట్టుకోను!"

"పోయేముందు ఓ గ్లాసు వేడినీళ్ళలో పెట్టి వాసన చూడు," అన్నాడు మా ఆయన, తొట్టె కడుగుతూ. "వెచ్చబడితే దాక్కున్న వెన్నంతా బయటికొస్తుంది. వచ్చిందంటే ఇంకా కూర్చోబెట్టు."

సలహా బంగారం లాంటిదే. చెప్పిన గొంతు మాత్రం నీళ్ళ బిల్లు కట్టనివాడికి నోటీసు చదివినట్టుంది. తమ్ముడు ఆ సాయంత్రమే గిన్నెలన్నీ సర్దుకుని, ఓ లాండ్రీ మీద అద్దెగదికి మారిపోయాడు. అప్పటి నుంచి బావా బావమరుదులకి మాటల్లేవు. మధ్యలో నేను నలిగాను. కారు షెడ్డులోకి వచ్చింది గానీ, దాన్ని చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

పోటీకి కొన్ని రోజుల ముందు వాడు ఫోన్ చేశాడు. "బీరు మానేశానక్కా. సోమవారం పాత కంపెనీలో చేరుతున్నా," అన్నాడు, పక్కింటివాళ్ళ సంగతి చెప్తున్నట్టు. నేను ఆ మాటే మా ఆయనకి చెప్పాను. ఆయన "ఊఁ" అన్నాడు. ఆ పూట కాఫీ సగం కాదు, మొత్తం వదిలేశాడు.

పోటీ శనివారం పొద్దున. ముక్కు తేటగా ఉండేది పొద్దున్నేనట, అందుకని జనం పళ్ళు తోముకునే వేళకే మొదలుపెడతారు. స్థలం ఓ బాడ్మింటన్ హాలు. నెట్లు విప్పేసి, నేల మీద తెల్లగీతల మధ్య బల్లలు వేశారు. అత్తరు పూసుకోకూడదు, లిప్‌స్టిక్ వేసుకోకూడదు, కాఫీ తాగి రాకూడదు. అంబర్ బీర్ల బల్ల దగ్గర ముగ్గురు కూర్చున్నారు. ఆ బల్లకి పెద్ద ఓ పళ్ళ డాక్టరమ్మ, ఆమె పక్కన రొట్టెల దుకాణం షావుకారు, ఈ చివర మా ఆయన. ఒక్కొక్కరి ముందు నీళ్ళు, ఉత్త రొట్టెముక్కలు, కాళ్ళ దగ్గర బకెట్.

"మీ ఇళ్ళవాళ్ళు ఎవరైనా ఈ బల్లకి బీరు పంపారా? పంపితే ఇప్పుడే చెప్పి లేచిపోవాలి," అంది డాక్టరమ్మ, నోరు బాగా తెరవండి అన్నంత మామూలుగా.

"మా ఇంట్లో ఒకడుండేవాడు," అన్నాడు మా ఆయన. "మానేశాడు."

ఆ మాటన్నాక ముందున్న రొట్టెముక్కని తుంచుతూ పోయాడు, నోట్లో మాత్రం వేసుకోలేదు. నేను చూశాను.

వెనక గదిలో సీసాలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. గోధుమరంగు గాజు, పేర్లు లేవు, అంటించిన అంకె ఒక్కటే. పేర్లు నిర్వాహకుల దగ్గరే ఉంటాయి. నా పని సీసా తెరవడం, మూడు గ్లాసుల్లో సమంగా పోయడం, పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళడం. మొదటి మూడు నాలుగు బీర్లు హాయిగా గడిచిపోయాయి. ఒకదాన్ని చూసి మా ఆయన "అట్టపెట్టె తడిసింది" అన్నాడు. ఇంకోదానికి షావుకారు "ఇది రొట్టయితే నేను అమ్మను" అన్నాడు. నేను గోడలా నిలబడ్డాను. నా గురించి నాకే గర్వంగా అనిపించింది.

పదిహేడో అంకె సీసా చేతికొచ్చింది. ఓపెనర్ పెట్టబోయాను. మూత మీద ఒకదాని పక్కన ఒకటి రెండు నొక్కులు.

మానేశానన్నాడు, దొంగ వెధవ! లాండ్రీ మీద గదిలో కూర్చుని గుట్టుగా కాచి, బావకి తన పేరు తెలియకుండా బావ నాలుక మీదికే పంపించాడు. సోమవారం లిఫ్టుల్లో చేరడం కూడా ఈ గ్లాసు మీదే ఆధారపడి ఉందన్నమాట. నేను గబగబా వెళ్ళి చెప్పేస్తే ఆయన లేచిపోతాడు, ఆ బీరు ఆయన నోటిదాకా చేరదు. చెప్పకపోతే నేను ముఖం దాచుకోవాలి. నా ముఖం! నవ్వు అప్పటికే పొట్టలో ఎక్కడో గుడగుడమంటోంది. మూత జేబులో వేసుకున్నాను, పెదవి లోపలికి మడిచి పళ్ళతో పట్టుకున్నాను, పళ్ళెం ఎత్తుకున్నాను.

గ్లాసుల్లో రంగు చూడగానే డాక్టరమ్మ "అబ్బ" అంది. మా ఆయన గ్లాసు మీద అరచెయ్యి మూసి, చిన్నగా తిప్పి, చెయ్యి తీసి, ముక్కు దాదాపు లోపలికి దింపాడు. తర్వాత ఒక గుక్క. ఆగాడు. నా కేసి చూడకుండానే, "వేడినీళ్ళు కావాలి, గిన్నెలో," అన్నాడు.

"ఎందుకండీ?" అన్నాడు షావుకారు.

"బాగుంది. అందుకే అనుమానం. చల్లగా ఉన్నప్పుడు దొంగలందరూ పెద్దమనుషులే."

నేను వేడినీళ్ళ గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన గ్లాసుని ఆ నీళ్ళలో నిలబెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ కాసేపట్లో నేను మొక్కని దేవుడు లేడు. పదిహేడుకి వెన్న వాసన రాకూడదు, పదిహేడుకి వెన్న వాసన రాకూడదు అని లోలోపల జపం చేస్తూ, ఎదుటి గోడ మీద 'బూట్లతో ఆడరాదు' అన్న బోర్డుని ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు.

ఆయన గ్లాసు పైకి తీసి తుడిచాడు. వాసన చూశాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ చూశాడు. రెండో గుక్క, మూడో గుక్క.

తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

అది మీకు మామూలు సంగతిలా కనిపించవచ్చు. ఆ కళ్ళజోడు నేను బిగించింది, దాని గురించి నాకు తెలుసు. నిద్రలో తప్ప ఆయన దాన్ని తీయడు. మెలకువగా ఉండి తీయడం నేను చూసింది మా అమ్మాయి పుట్టిన రోజున, నర్సు పిల్లని చేతికి ఇచ్చినప్పుడు. మళ్ళీ ఇప్పుడు, పదిహేడో నంబరు బీరుకి.

నవ్వు తన్నుకొచ్చింది. దగ్గులా మార్చబోయాను, కుదరలేదు. పళ్ళెం నోటికి అడ్డం పెట్టుకున్నాను, అది పళ్ళకి తగిలి టంగుటంగుమంది. హాలంతా తలలు తిరిగాయి. పక్క బల్లల దగ్గర నల్లబీర్లు తాగుతున్న గంభీరమైన మనుషులు కూడా తలలెత్తారు. నేను కడుపు పట్టుకుని, గీతకి ఇవతల వంగిపోయి, కన్నీళ్ళు కారుస్తూ నవ్వుతున్నాను.

మా ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఈ నవ్వుతో కాపురం చేస్తున్న మనిషి. ఏ నవ్వు దేనికో ఆయనకి తెలుసు.

"ఇది భయపు నవ్వు," అన్నాడు నెమ్మదిగా. "ఈ బీరు ఎవరిదో నీకు తెలుసా?"

అబద్ధం చెప్దామనుకున్నాను. తల మాత్రం తెలుసన్నట్టు దానంతట అదే ఊగింది.

"వాడిదా?"

జేబులోంచి మూత తీసి బల్ల మీద పెట్టాను. రెండు నొక్కులు పైకి చూస్తున్నాయి. ఆయన దాని కేసి కాసేపు చూసి, కలం తీసుకుని తను వేసిన మార్కులు అడ్డంగా కొట్టేశాడు.

"అయ్యో, మీరు తెలియక వేసినవే కదా," అంది డాక్టరమ్మ. "ఉండనివ్వండి, పర్లేదు."

"అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలిసింది," అన్నాడు మా ఆయన, కుర్చీ వెనక్కి జరిపి లేస్తూ.

నాకు నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. అది ఆగిందంటే నిజంగా కష్టం వచ్చినట్టు. వాడు ఇన్ని నెలలు పొయ్యి దగ్గర నిలబడి సంపాదించుకున్న మార్కుల్ని నా వెధవ నవ్వు ఒక్క గీతతో కొట్టేసింది. నేను వెనక తలుపు తోసుకుని బయటికి పరుగెత్తాను.

తమ్ముడు అక్కడే ఉన్నాడు. స్కూటర్ల వరస చివర్లో, హెల్మెట్ తలమీదే ఉంచుకుని, గుర్తుపట్టకూడదన్నట్టు కూర్చున్నాడు. ఆ హెల్మెట్ మీద పాత లిఫ్టు కంపెనీ బొమ్మ అరచెయ్యంత ఉంది.

"నవ్వేశానురా!" అన్నాను.

"ఎందుకు?"

"బావ నీ బీరు తాగాడు. నేను నవ్వాను. నీదని తెలిసిపోయింది. మార్కులు కొట్టేసుకుని లేచిపోయాడు. నన్ను కొట్టరా, ఏమైనా చెయ్యి!"

వాడు హెల్మెట్ తీశాడు. జుట్టంతా చెమటకి అతుక్కుపోయి ఉంది. "మార్కుల సంగతి వదిలెయ్యక్కా. వెన్న అన్నాడా?"

"అనలేదు. వేడినీళ్ళలో పెట్టి మరీ చూశాడు. వెన్న ఊసే ఎత్తలేదు."

"నేను కూడా వేడినీళ్ళలో పెట్టి చూశా," అన్నాడు వాడు. "ప్రతి మూడు రోజులకీ చూశా. వాసన పోయేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నా. నాకు ఎంత కష్టమో నీకు తెలుసుగా. మరి మిగిలింది పారబోశాడా?"

నాకు తెలియదు. అది చూడకుండానే పరుగెత్తుకొచ్చాను. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు, ఇద్దరం మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళి సందులోంచి తొంగి చూశాం.

బల్ల దగ్గర ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ పక్కన బకెట్ ఉంది. ఆయన హాలు చివర, విప్పేసిన నెట్లు పోగేసిన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో పదిహేడో నంబరు గ్లాసు.

డాక్టరమ్మ మమ్మల్ని చూసి, గుసగుసగా అనబోయి హాలంతా వినపడేట్టు అంది: "బకెట్లో పొయ్యండంటే పొయ్యలేదమ్మా మీ ఆయన. న్యాయనిర్ణేతలకే ఆ నియమం, నేనిప్పుడు మామూలు మనిషిని అంటున్నాడు!"

ఆయన నాలుగో గుక్క తాగాడు. నేను తమ్ముడి చెయ్యి నలిపేశాను. ఐదో గుక్క. మధ్యలో ఓసారి ఆగి గ్లాసుని వెలుతురుకెత్తి చూశాడు. మళ్ళీ తాగాడు. నీళ్ళు మింగేవాళ్ళలా కాదు, తొందరేమీ లేనివాళ్ళలా తాగాడు. చివర తల బాగా వెనక్కి వంచి, అడుగున ఉన్న నురుగు కూడా జారేదాకా గ్లాసుని అలాగే ఎత్తి పట్టుకున్నాడు. నా కాపురంలో నేను ఆయన గ్లాసు అడుగు చూడటం అదే మొదలు. తళతళలాడుతోంది.

తమ్ముడు లోపలికి వెళ్ళాడు. వెళ్ళాడు అంటే, కాళ్ళు తీసుకెళ్ళాయి. బెంచీ ముందు నిలబడ్డాడు. నేను వెనకే ఉన్నాను. మా ఆయన మీసం మీద నురుగు ఉంది, ఆయనకి తెలియదు.

"నురుగు కాస్త తొందరగా చచ్చిపోతోంది," అన్నాడు మా ఆయన. నెలల తర్వాత బావమరిదితో అన్న మొదటి మాట అది.

"అవును బావా," అన్నాడు వాడు, వరం దొరికినంత సంబరంగా.

"చివర్లో చేదు ఇంకో పిసరు పడొచ్చు."

"పడొచ్చు బావా!"

"మూత రెండుసార్లు నొక్కడం ఎందుకురా? లిఫ్టా ఏమన్నా?"

"అలవాటు బావా."

"ఉండనీ. మానకు." ఆయన ఖాళీ గ్లాసుని చేతిలో ఇటూ అటూ తిప్పాడు. "ఇంకో సీసా ఉందా?"

"పోటీకి మూడు పంపమన్నారు. రెండు లోపలే ఉన్నాయి."

"అవి వాళ్ళవి. ఇంటి దగ్గర?"

"లాండ్రీ మీద మంచం కింద నిండా ఉన్నాయి!"

ఆ బీరుకి బహుమతి రాలేదు, ఆ సంగతి ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఆయన మార్కులు పోగా మిగిలిన ఇద్దరి లెక్కలో నాలుగో స్థానం దగ్గర ఆగింది. షావుకారుకి ఆ రొట్టె పైపెచ్చు ఇంకా మాడాలట. ఆ సాయంత్రం మా ఇంటి ముందు కారు మళ్ళీ వీధిలో పడింది. మంచం కిందివన్నీ షెడ్డులోకి వచ్చాయి. మా ఆయన కొత్త బల్బు తెచ్చాడు. కానీ అదంతా తర్వాతి మాట. అప్పటికింకా మేం హాల్లోనే ఉన్నాం, ఆయన బెంచీ మీంచి లేవలేదు.

"సోమవారం ఎక్కడో చేరుతున్నావని మీ అక్క చెప్పింది," అన్నాడు, వాడి కేసి చూడకుండా గ్లాసు కేసి చూస్తూ.

తమ్ముడు తల వంచుకున్నాడు. "చేరదామనే అనుకున్నా."

"మరి మళ్ళీ ఎప్పుడు కాస్తావు?"

వాడు తల ఎత్తాడు. బావ కేసి చూశాడు, నా కేసి చూశాడు, బావ చేతిలోని ఖాళీ గ్లాసు కేసి చూశాడు.

"సోమవారం, బావా."

నాకు మళ్ళీ నవ్వొచ్చింది. పక్క బల్లలవాళ్ళు మళ్ళీ తలలెత్తారు. ఈసారి మాత్రం ఏ నవ్వని మా ఆయన అడగలేదు. కళ్ళజోడు తీసి, నా చీర కొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు.